కొలత చెప్పని గంగాళం

నమోదు 1. ఆదివారం, పొద్దుటి షిఫ్టు

పద్నాలుగు ఇత్తడి అద్దాలూ తుడిచాం, తిప్పాం. కోణం సరిగ్గానే ఉంది. దుమ్ము మామూలే. తొమ్మిదో అద్దం ఇరుసు అరిగిపోయింది. బయట గాలి లేదు కాబట్టి కీచుమనే చప్పుడు వినపడదుగానీ, పిడి తిప్పుతుంటే చేతికి గరగర తెలుస్తోంది. నూనె కావాలని రాయడం ఇది మూడోసారి.

ఈ డ్యూటీ పుస్తకంలో కోణం, దుమ్ము, మరమ్మతు తప్ప సొంత అభిప్రాయాలు రాయరాదని మొదటి పేజీలో కమిటీ వాళ్ళు ఒక కాగితం అంటించారు. పదకొండేళ్ళుగా దాన్ని గౌరవించాను. ఇవాళ పీకి, నాలుగు మడతలు పెట్టి, తొమ్మిదో అద్దం ఇరుసు కింద దోపాను. గరగర కాస్త తగ్గింది. ఆ కాగితం ఒక పనికొచ్చిందంటే ఇదే మొదలు.

ఎందుకు పీకానంటే, పొద్దున్న ఒక చీటీ వచ్చింది. పరిశుద్ధ గుడారంలో గంగాళం చెయ్యడానికి తొమ్మిది నుంచి పద్నాలుగు వరకు గల అద్దాలను సంఘానికి అప్పగించాలట. సంతకం, సంఘపెద్ద ఎల్యాసాపు.

నాలుగు నెలలుగా ఎల్యాసాపు గారికి గుడారం పట్టుకుంది. గుంటూరు జిల్లా నుంచి రెండు ఓడల్లో చంద్రుడి మీదకొచ్చి పడ్డ మూడొందల మంది తెలుగు యూదులం. మా తాతలు గుడిసెలో దీపం పెట్టుకుని శుక్రవారం సాయంత్రాలు గడిపినవాళ్ళు. ఇప్పుడు మాత్రం మోషే నాటి గుడారం ఎట్లా ఉందో అట్లాగే ఉండాలి ఈయనకి. ఉండనీండి, నాకేం పేచీ లేదు. పది ఆజ్ఞలుంచే మందసానికి తుమ్మకర్ర కావాలి, ఇక్కడ తుమ్మచెట్టు ఎక్కడిది? సామాకు మేస్త్రి తోటకూర కాడలు ఎండబెట్టి, నూరి, అచ్చుపోసి పలకలు చేశాడు. బంగారు రేకు కావాలంటే పాత ల్యాండరుకి చుట్టిన బంగారు రంగు దుప్పటి ఒలిచాడు. నవ్వుదామని వెళ్ళాను. చూశాక నవ్వు రాలేదు. అంత బాగుంది.

కాకపోతే మూర అంటే ఎవరి మూర అని సామాకు అడిగితే ఎల్యాసాపు గారు తన చెయ్యి చాపాడు. ఆయన ఆరడుగుల మూడంగుళాల మనిషి. తీరా మందసం హాలు తలుపులో పట్టలేదు. మందసాన్ని చిన్నది చెయ్యరు కదా, తలుపు చట్రం కోశారు.

ఇప్పుడు మా అద్దాల మీద పడ్డారు.

నమోదు 2. సోమవారం

కోణం సరి. హదస్స నాతో డ్యూటీలో ఉంది. ముప్పై ఏళ్ళ పిల్ల, పనిమంతురాలు. అన్నిటికన్నా కిందున్న అడుగు హాల్లో తల్లి హుల్దమ్మతో ఉంటుంది. చీటీ సంగతి చెప్పగానే బ్రష్షు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"తొమ్మిది నుంచి పద్నాలుగా? అంటే మా హాలే గదక్కా?"

"మీ హాలే."

"అద్దాలన్నీ ఒకనాడు వచ్చినయ్యేగా. ఒకటి నుంచి ఆరు తీసుకోవచ్చుగా?"

"ఒకటి నుంచి ఎనిమిది మేడ హాలుకి ఎండ పంపుతాయే. మేడ హాల్లో కమిటీ ఉంటుంది."

ఈ పుస్తకం రేపు ఎవరు చదువుతారో తెలియదు కాబట్టి ఇంకో మాట రాస్తున్నాను. చంద్రుడి ధ్రువం దగ్గర మేమున్న గుంట అడుగుకి ఎండ తగలదు. ఎప్పుడూ తగల్లేదు. సూర్యుడు ఇక్కడ ఉదయించడు, అస్తమించడు, గోడ పట్టుకుని నడిచే ముసలాయనలా అంచు చుట్టూ నెలంతా తిరుగుతాడు. గుంట అంచున, బయటి ద్వారం పక్కన కంబాల మీదున్న ఈ అద్దాలతో మేం ఆయన్ని పట్టుకుని, కిందికి దించి, కిటికీల్లోంచి లోపలికి తోస్తాం. ఆ వెలుతురుకే తోటకూర, గోంగూర, బచ్చలి. ద్వారం డ్యూటీలో ఇరవై ఆరుగురం, అందరం ఆడవాళ్ళమే. మగవాళ్ళు ఈ పని చెయ్యరు. ఇందులో హోదా లేదు, దుమ్ముంది.

అడుగు హాల్లో ఉండేది రెండో ఓడ వాళ్ళు, నలభై కుటుంబాలు. ఏ హాలు వారానికి నలభై కిలోల ఆకుకూర పండించకపోతే ఆ హాలు మూసేసి మనుషుల్ని గనుల షెడ్లకు పంపుతారు. హుల్దమ్మ ఆ షెడ్లలో తొమ్మిదేళ్ళు చేసింది. ఊపిరితిత్తుల నిండా చంద్రుడే. ఇంకోసారి దుమ్ములోకి పంపితే ఆర్నెల్లు కూడా బతకదని డాక్టరు రాసిచ్చాడు.

"అమ్మకి చెప్పబాకక్కా" అంది హదస్స.

గుడారం ఎక్కడ లేపినా ముందు ఎవరి ఇల్లు చీకటవుతుందో చూడండి. దేవుడి అడ్రసు తర్వాత చూసుకోవచ్చు.

నమోదు 4. బుధవారం

కోణం సరి. దుమ్ము ఎక్కువ. షిఫ్టు అయ్యాక కమిటీ దగ్గరికి వెళ్ళాను.

"కూర్చోమ్మా కెజియా" అన్నాడు ఎల్యాసాపు గారు. కూర్చోలేదు. కూర్చుంటే నా గొంతు చిన్నదవుతుంది.

"నువ్వు ప్రతిదానికీ అడ్డం పడతావేందమ్మా?"

"తలుపులో అడ్డం పడింది నేను కాదండీ, మీ మూర."

సామాకు మేస్త్రి దగ్గు తెచ్చుకున్నాడు. ఎల్యాసాపు గారు మాత్రం ఓపిగ్గానే ఉన్నాడు. చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే పని తేలిక.

"లేఖనంలో ఉన్నదే చేస్తన్నాం. గుడారపు ద్వారం దగ్గర సేవ చేసే ఆడవాళ్ళ అద్దాలతోనే గంగాళం చేశారు. ఇక్కడ ద్వారం దగ్గర చేసేది మీరేగా? ఈ గుంటలో అంత ఇత్తడి ఇంకెక్కడుంది? మట్టిలో ఇనుముంది, అల్యూమినియం ఉంది, రాగి లేదే. మీకు గౌరవం ఇస్తుంటే వద్దంటారేంది?"

"గౌరవం ఇస్తున్నారా, అద్దాలు తీసుకుంటున్నారా?"

"రెండూ ఒకటేనమ్మా."

"మీకు ఒకటే. అడుగు హాలుకి కాదు."

"వాళ్ళకి కరెంటు దీపాలిస్తాం."

"ఏ కరెంటు? ఏడు కొమ్మల దీపస్తంభం ఆరకుండా వెలగాలని మొన్ననే వాళ్ళ కోటాలో పావు కోశారుగా?"

అప్పుడు ఆయన సన్నిధి రొట్టెల బల్ల వైపు చూశాడు. నేనూ చూశాను. రెండు వరసల్లో పన్నెండు రొట్టెలు, గోత్రానికొకటి, నాచు పిండివి, ఆకుపచ్చగా.

"ఆ పన్నెండూ ఒకే సైజండీ" అన్నాను. "పెద్ద గోత్రానికి పెద్ద రొట్టె, చిన్న గోత్రానికి చిన్న రొట్టె అని పెట్టలేదు. ముందు నడిచినవాళ్ళకి మెత్తటిది, వెనక వచ్చినవాళ్ళకి మాడింది అనీ లేదు. దీపస్తంభం ఎందుకుంది? ఆ బల్ల మీద వెలుగు పడటానికి. మీరు రొట్టెల్ని చీకట్లో పెట్టి దీపాన్ని చూసుకుంటున్నారు."

"ఉపన్యాసం అయిపోయిందా?"

"ఇవాళ్టికి."

అయిదు మూరల గంగాళమట. ఆయన మూరతో అయిదు. నేనూ హదస్సా అందులో పడుకోవచ్చు.

నమోదు 6. ఆదివారం

పదమూడు, పద్నాలుగు విప్పేశారు. "ప్రస్తుతానికి రెండే" అన్నారు. మిగతా నాలుగు అచ్చు తయారయ్యాకట.

విప్పడానికొచ్చింది సామాకు మేస్త్రే. నా కళ్ళలోకి చూడలేదు.

"నేనేం చేసేదక్కా, పైనుంచి ఆర్డరు."

"పైనుంచంటే ఎంత పైనుంచి?"

బోల్టుల మీదకి వంగాడు. పాపం, బోల్టులు కూడా రాలేదు. అరగంట పట్టింది. కింద కిటికీలో ఒక మూల ఆరిపోవడం పైనుంచి చూశాం. అక్కడ హుల్దమ్మ గోంగూర మడి ఉంది.

నమోదు 17. మూడు వారాల తర్వాత, గురువారం

కోణం సరి, పన్నెండు అద్దాలకి.

అడుగు హాలు ఆకుకూర: అద్దాలు విప్పిన వారం ముప్పై ఎనిమిది, పోయిన వారం ముప్పై నాలుగు, ఈ వారం ముప్పై ఒకటి. తోటకూర తెల్లబోయింది. గోంగూర పొడుగ్గా, పీలగా, వెలుతురు కోసం మెడ చాచి నిలబడింది. నోటీసు వచ్చింది. వచ్చే ఆదివారం నాటికి నలభై కిలోల కోటా అందకపోతే హాలు మూత, కుటుంబాలు షెడ్లకు. సంతకం చూశారా? అదే చెయ్యి! అద్దాలు విప్పమన్న చెయ్యే, ఆకులు తక్కువయ్యాయని రాసింది. ఇట్లాంటి చేతుల్ని మా నాన్న గుంటూరు మిర్చియార్డులో చాలా చూశాడు.

షిఫ్టయ్యాక హదస్స వాళ్ళింటికి వెళ్ళాను. హుల్దమ్మ మడి పక్కన పీటేసుకుని కూర్చుంది. మనిషి చిక్కిపోయింది. నోరు మాత్రం చిక్కలేదు.

"ఏమే కెజియా, నాకు చెప్పబాకని దీంతో ఒట్టేయించుకున్నావంటగా?"

"ఒట్టేయించుకుంది నేను కాదు పెద్దమ్మా, అదే నాతో వేయించుకుంది."

"ఇద్దరూ ఇద్దరే. గోంగూర చెప్పదా ఏందే నాకు?" దగ్గు వచ్చింది. దగ్గుతూనే నవ్వింది. "షెడ్డుకి పోతే మంచిదేలే. మళ్ళా జీతమొచ్చిద్ది."

హదస్స లేచి బయటికి వెళ్ళిపోయింది.

నమోదు 19. శనివారం సాయంత్రం

విశ్రాంతి దినం గుంటూరు గడియారం ప్రకారం ముగిశాక రాస్తున్నాను. సంతోషంగా ఉంది.

ఈ వారం లేఖన పఠనం గుడారపు సామగ్రి గురించే. ఎల్యాసాపు గారే చదివాడు. గొంతు బాగుంటుంది ఆయనది, ఒప్పుకోవాలి. తెర ఇవతల ఆడవాళ్ళలో కూర్చుని, కోపంలో ఏం చెయ్యాలో తోచక వేళ్ళ మీద కొలతలు లెక్కపెట్టాను. మందసం, రెండున్నర మూరల పొడుగు, మూరన్నర వెడల్పు. బల్ల, రెండు మూరలు. ధూపవేదిక, మూరెడు. బలిపీఠం, అయిదు మూరలు. దీపస్తంభానికి మూర లేదు, బరువుంది. గంగాళం...

గంగాళానికి ఏమీ లేదు.

చదివేసి ముందుకెళ్ళిపోయాడు. నేను లేచి నిలబడ్డాను.

"గంగాళం దగ్గర మళ్ళీ చదవండి."

చదివాడు.

"ఇంకోసారి."

"కెజియా!"

"కొలత ఎక్కడుందండీ?"

చదివాడు. ఈసారి నెమ్మదిగా, తనకోసం. హాలు మొత్తం వింది. మూర లేదు, జాన లేదు, బరువు లేదు. చివర్లో ఎంతెంత ఇత్తడి దేనికి వాడారో చెప్పిన చోట కూడా గంగాళం పేరే లేదు. ఇన్నేళ్ళుగా వింటున్నాం! కొలతల మీద కొలతలు విని విని, దీనికీ ఉండే ఉంటుందని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను, నా తెలివి సంగతి అదీ.

"బలిపీఠం అయిదు మూరలు. గంగాళం దాని పక్కనే ఉండేది, కాబట్టి..."

"పక్కనుంటే కొలత ఒకటే అవుద్దా? మీ పక్కన నేనున్నా. నా చెప్పు మీకు పట్టుద్దా?"

తెర వెనక నవ్వులు. తెర ముందు కూడా.

"అన్నిటికీ కొలత చెప్పి దీనికొక్కదానికే ఎందుకు చెప్పలేదు? ఇచ్చేది ఆడవాళ్ళు కాబట్టి. ఎంతిస్తే అంత, ఇంత తెమ్మని అనలేదు. ఇంకోటి. అందులో కాళ్ళు చేతులు కడుక్కోవాల్సింది ఎవరు? జనమా? యాజకులు! కడుక్కోకుండా లోపలికి పోతే చస్తారని చెప్పింది మీకు, అడుగు హాలుకి కాదు!"

రేపు సర్వసభ్య సమావేశం. రాత్రి నిద్ర పట్టేట్టు లేదు. ఉపన్యాసం సిద్ధం చేసుకోవాలి.

నమోదు 20. ఆదివారం

నలభై నిమిషాలు మాట్లాడాను. ఇరవయ్యో నిమిషం నుంచి ఎవరూ వినలేదని హదస్స తర్వాత చెప్పింది. అంత నిజం అవసరమా?

ఎల్యాసాపు గారు చివరిదాకా విన్నాడు. వినడం ఆయన ఆయుధం.

"సరేనమ్మా. నువ్వు చెప్పింది న్యాయంగానే ఉంది. కొలత మీరే చెప్పండి. మూరెడే చేద్దాం, జానెడే చేద్దాం. అయితే దేనితో చెయ్యాల? ఎంత చిన్నదైనా ఆ పదమూడు, పద్నాలుగు కరిగించాల్సిందే గదా?"

నా నలభై నిమిషాల ఉపన్యాసంలో ఈ సంగతే లేదు. ఇది ఈ పుస్తకంలో రాస్తున్నానంటే నా నిజాయితీని గమనించాలి. ఆ రెండూ తిరిగి ఎక్కకపోతే కోటా ఎప్పటికీ అందదు. మూరెడైనా, జానెడైనా, హుల్దమ్మకి దారి షెడ్డుకే.

అప్పుడు హుల్దమ్మ లేచింది. హదస్స చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"నాయనా ఎల్యాసాపూ, ఆ కంబాల మీద అద్దాలు ఎవరియ్యి?"

"సంఘానివి హుల్దమ్మా."

"లేఖనంలో ఎవరి అద్దాలన్నారు?"

"ద్వారం దగ్గర సేవ చేసే..."

"ఆడాళ్ళయ్యి. సంఘం సొత్తు సంఘమే తీసుకుని, ఆడాళ్ళిచ్చారని రాసుకుంటావా? దేవుడికి చదువు రాదనుకున్నావేంది?"

ఆమె ఎడమ మణికట్టు పైకెత్తి, పట్టీ విప్పింది.

బయటికి వెళ్ళే ప్రతి ఆడదాని మణికట్టుకీ ఒక అద్దం బిళ్ళ ఉంటుంది, అరచేతిలో సగమంత. హెల్మెట్టు మెడ దగ్గర సరిగ్గా పట్టిందో లేదో అందులో చూసుకునే బయట కాలు పెట్టాలి. గాజుదైతే చలికి పగులుతుంది. అందుకని ఓడ తుక్కులో దొరికిన ఇత్తడి ముక్క ఏరుకుని, ఎవరిది వాళ్ళం అరగదీసి, మెరుగుపెట్టి కట్టుకుంటాం. సంఘం ఇవ్వలేదు, కమిటీ ఇవ్వలేదు. అడిగితే స్టాకు లేదన్నారు.

"తొమ్మిదేళ్ళు షెడ్డులో నా మొగం నేను చూసుకుంది దీంట్లోనే" అంది హుల్దమ్మ. "ఇది నాది. ఇదిగో, ఇస్తన్నా. దీంతో చేసుకో నీ గంగాళం. చాలకపోతే నీ చేతులు చిన్నయి చేసుకో."

రొట్టెల బల్ల మీద పెట్టింది. టంగుమంది. ఈ హాల్లో గాలుంది కాబట్టి అందరికీ వినపడింది.

హదస్స వెళ్ళింది. తర్వాత ఇంకొకరు. తర్వాత వరస కట్టారు. ద్వారం డ్యూటీ వాళ్ళలో నలుగురు ఇవ్వలేదు. అందులో ఒకత్తిని నేను.

నాకు ఒళ్ళు మండిపోయింది, రాస్తున్నాను. ఎందుకివ్వాలి? ప్రతిసారీ ఆడవాళ్ళే ఏదో ఒకటి విప్పి ఇచ్చి వీళ్ళ పరువు ఎందుకు కాపాడాలి? సమావేశం అయ్యాక హుల్దమ్మతో అదే అన్నాను, గట్టిగా.

"ఇయ్యబాక" అంది ఆమె. "నిన్నెవరడిగారు?"

నమోదు 21. సోమవారం

పదమూడు, పద్నాలుగు మళ్ళీ ఎక్కించాం. సామాకు మేస్త్రి చెప్పకుండానే తెల్లారేసరికి బోల్టులతో వచ్చి నిలబడ్డాడు. తొమ్మిదో అద్దం ఇరుసుకి నూనె కూడా తెచ్చాడు. కోటా గడువు ఆరు వారాలు పొడిగిస్తూ అదే చేతి సంతకంతో కాగితం వచ్చింది.

షిఫ్టయ్యాక వర్కుషాపు మీదుగా వెళ్ళాను. ఇరవై మూడు బిళ్ళలు మూసలో వేస్తున్నాడు. కాసేపు చూశాను. ఎవరూ అడగనప్పుడు ఎదురు చెప్పడం నాకు చేతకాదు. నాదీ విప్పి ఇచ్చాను. "ఇరవై నాలుగు" అన్నాడు సామాకు, అంతే. హుల్దమ్మకి చెప్పొద్దన్నాను. ఆమెకి మధ్యాహ్నానికల్లా తెలిసిపోయింది.

నమోదు 29. అయిదు వారాల తర్వాత, ఆదివారం

కోణం సరి, పద్నాలుగింటికి. అడుగు హాలు నలభై ఒక్క కిలోలు. గోంగూర ఇంకా పీలగానే ఉంది, కానీ ఎరుపు తిరిగింది.

ఇవాళ గంగాళం పెట్టారు. రెండు చెంబుల నీళ్ళు పడతాయేమో. కింద చిన్న పీట. ఇరవై నాలుగు మొహాలు చూసిన ఇత్తడి కదా, రంగు ఒక్కో చోట ఒక్కోలా ఉంది. బాగా కుదిరిందని సామాకు భుజం తట్టాను. నేనెవరినైనా మెచ్చుకుంటే ఎట్లా తీసుకోవాలో వాళ్ళకి తెలియదు.

ఎల్యాసాపు గారు చేతులు కడుక్కున్నాడు. కాలు మాత్రం అందులో పట్టలేదు. బొటనవేలు పెట్టి చూశాడు, మడమ పెట్టి చూశాడు. అంతమంది చూస్తుండగా కింద గొంతుక్కూర్చుని, దోసిలితో తీసి, ఒక్కో కాలి మీదా పోసుకున్నాడు. ఇక్కడ నీళ్ళు తీరుబడిగా పడతాయి. అవి పడేదాకా అందరం ఆగాం. పదకొండేళ్ళలో ఆయన పాదాలు చూడటం ఇదే మొదటిసారి. మామూలు పాదాలే. గోళ్ళు తీసుకోవాల్సింది.

లేవబోతూ తూలాడు. హుల్దమ్మ చెయ్యి అందించింది, ఆయన పట్టుకున్నాడు. నేను ఏదో అనబోయి మానుకున్నాను. ఇది మాత్రం పుస్తకంలో రాసుకోవచ్చు.

నమోదు 30. సోమవారం, పొద్దుటి షిఫ్టు

మాకు బిళ్ళలు లేవు. ఇవ్వని ముగ్గురివే ఇన్నాళ్ళూ వంతులేసుకుని వాడాం. కొత్తవి చేసుకోవడానికి తుక్కు దొరకాలి. అందాకా బయటికి వెళ్ళేముందు హెల్మెట్టు పట్టిందో లేదో ఒకరి మెడ ఒకరు చూడాలని అనుకున్నాం. నాకిది నచ్చలేదు. నా మెడ నేను చూసుకోగలను.

"అక్కా, ఇట్టా తిరుగు" అంది హదస్స ద్వారం దగ్గర.

"బాగానే ఉందే. రోజూ వేసుకునేదేగా."

"తిరగమన్నానా."

తిరిగాను. వేలితో మెడ వెనక, ఎడమ పక్క, ఎక్కడో నొక్కింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఇట్టా ఉంది?"

"ఏది?"

"ఈ రబ్బరు. సగం పైకి లేచి ఉంది. అంచంతా అరిగిపోయింది. అక్కా, ఇది ఇవాళ్టిది కాదు."

ఆ చోటు నా బిళ్ళలో పడదు. ఎటు తిప్పినా పడదు. పదకొండేళ్ళు ఆ మెడతోనే బయటికి వెళ్ళి, అద్దాలు తుడిచి, లోపలికొచ్చి ఉపన్యాసాలిచ్చాను.

"బిగించవే" అన్నాను.

బిగించింది. తర్వాత తను తిరిగింది. ఆమె మెడ చుట్టూ వేలు పెట్టి తడిమి, రెండుసార్లు చూసి, సరిగ్గా ఉందని చెప్పాను. ద్వారం తీశాం. కోణం అరడిగ్రీ తప్పింది, సరిచేశాం.